జాంగో నేర్చుకోవాలా, వర్డ్‌ప్రెస్‌తో పని మొదలుపెట్టాలా? రాయగడ నుంచి అడిగినవారికి జవాబు

ముందు ప్రశ్నేమిటో క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది. వర్డ్‌ప్రెస్ అంటే కోడ్ రాయకుండానే సైటులో పేజీలు ఎక్కించుకునే తయారు సాఫ్ట్‌వేర్. జాంగో అంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సొంతంగా వెబ్ సాఫ్ట్‌వేర్ రాసుకోవడానికి వాడే చట్రం (ఫ్రేమ్‌వర్క్). అడిగినవారిది రాయగడ. డిప్లొమా అయింది, పైథాన్ కొంచెం వచ్చు. చేతిలో రెండు పనులున్నాయి. ఒకటి ఊళ్లోనే బట్టల దుకాణానికి వెబ్‌సైట్. రెండోది గుణుపురంలో కోచింగ్ సెంటర్‌కి సైటు, అందులో పిల్లల ఫీజులూ హాజరూ కూడా చూసుకునేలా ఉండాలట. విశాఖలో ఉద్యోగాలు చేస్తున్న స్నేహితులేమో "వర్డ్‌ప్రెస్ చేసేవాణ్ని ఎవడూ ప్రోగ్రామర్ అనడు, ముందు జాంగో నేర్చుకో" అంటున్నారు. ఆరు నెలలు కూర్చుని జాంగో నేర్చుకున్నాక ఈ పనులు ఒప్పుకోవాలా, లేక వర్డ్‌ప్రెస్‌తో ఇప్పుడే దిగిపోవాలా? జాంగో అయితే ఏ వరుసలో నేర్చుకోవాలి?

నా జవాబు ఇది. దుకాణం సైటు వర్డ్‌ప్రెస్‌తో ఈ వారమే మొదలుపెట్టండి. కోచింగ్ సెంటర్ పనిని రెండు ముక్కలు చేయండి: జనం చూసే పేజీలు వర్డ్‌ప్రెస్‌లో, ఆఫీసులో చూసుకునే ఫీజుల లెక్క జాంగోలో. జాంగో నేర్చుకోవడానికి విడిగా ఆరు నెలలు పక్కన పెట్టక్కర్లేదు. ఆ ఫీజుల లెక్క రాస్తూనే నేర్చుకోండి. వాళ్లకి మాత్రం ఆ భాగం ఆలస్యమవుతుందని ముందే చెప్పేయండి.

నేను బరంపురంలో ఉంటూ చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి వచ్చే పనులే ఎక్కువ. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఇంట్లో తెలుగు, దుకాణంలో ఒడియా, బిల్లు మీద ఇంగ్లిష్. కాబట్టి నేను చెప్పేది ఈ ఊళ్లలో, ఈ బడ్జెట్లలో, ఈ మూడు లిపులతో చేసిన పని నుంచి చెబుతున్నది. బెంగళూరులో స్టార్టప్ పెట్టేవాళ్లకి లెక్క వేరుగా ఉండొచ్చు.

పని రాగానే నేను అడిగే మొదటి ప్రశ్న ఏ టెక్నాలజీ అని కాదు. ఈ సైటులో ఉండేవి మనుషులు చదువుకునే పేజీలా, లేక సాఫ్ట్‌వేర్ లెక్క తప్పకుండా చూడాల్సిన రికార్డులా అని అడుగుతాను. చీరల ఫొటోలు, దుకాణం వేళలు, పండగ ఆఫర్, కోచింగ్ సెంటర్ ఫలితాలు, ఫోన్ నంబరు, మ్యాపు, ఇవన్నీ పేజీలు. ఎవరో ఒకరు రాస్తారు, ఇంకొకరు చదువుతారు, అంతే. ఈ పనికి వర్డ్‌ప్రెస్‌ని మించి శ్రమ తగ్గించేది నాకు కనబడలేదు. 2003లో బీ2 అనే పాత బ్లాగు సాఫ్ట్‌వేర్‌ని తీసుకుని మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ దాన్ని మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దాని మీదే నడుస్తున్నాయి. మీకు వచ్చే ఇబ్బంది దాదాపు ఏదైనా మీకంటే ముందు ఎవరికో వచ్చే ఉంటుంది, దానికి పరిష్కారం ఎక్కడో రాసి ఉంటుంది. ఒంటరిగా పనిచేసే మనలాంటివాళ్లకి అదే పెద్ద అండ.

ఫీజుల సంగతి అలా కాదు. పిల్లవాడు చేరాడు. మొత్తం ఫీజు మూడు వాయిదాలు. అన్నదమ్ములిద్దరూ చేరితే రెండోవాడికి తగ్గింపు. నెల తర్వాత బ్యాచ్ మారాడు, ఫీజు తేడా వచ్చింది. తండ్రి సగం ఫోన్‌పేలో వేశాడు, సగం చేతికిచ్చాడు. ఒక రశీదు తప్పు పడింది, రద్దు చేయాలి, కానీ రద్దు చేసినట్టు గుర్తు ఉండాలి. నెలాఖరుకి "ఎవరెవరు ఎంత బాకీ" అని యజమాని అడిగితే ఒక్క రూపాయి తేడా రాకూడదు. ఇక్కడ ప్రతి నియమమూ ఆ సెంటర్‌దే. దీనికి సరిగ్గా సరిపోయే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే అదనపు ముక్క) దొరకడం కష్టం. తొంభై పాళ్లు సరిపోయేది దొరికితే మిగతా పది పాళ్ల కోసం ఆ ప్లగిన్ రాసినవాడి కోడ్‌తో కుస్తీ పట్టాలి.

వర్డ్‌ప్రెస్‌లోనూ కస్టమ్ ఫీల్డులు (మనం సొంతంగా చేర్చుకునే గడులు) పెట్టి ఇది చేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. చేయొచ్చు. కానీ లోపల ఏం జరుగుతుందో తెలిసి చేయండి. వర్డ్‌ప్రెస్‌లో పోస్టుకి మీరు తగిలించే అదనపు వివరాలన్నీ పోస్ట్‌మెటా అనే ఒకే టేబుల్‌లోకి (డేటాబేసులో వరుసలూ గడులూ ఉండే పట్టికలోకి) వెళ్తాయి. ఒక్కో వివరానికి ఒక్కో వరుస: ఏ పోస్టుది, ఏ పేరు, ఏ విలువ. తేదీ అయినా, డబ్బు అయినా, పిల్లవాడి పేరు అయినా ఆ విలువ అక్కడ వట్టి అక్షరాలుగానే నిలవ ఉంటుంది. ఊరంతటి ఖాతాల చీటీలూ ఒకే గోనెసంచిలో వేసినట్టు. పది చీటీలుంటే వెతకొచ్చు. వేలల్లోకి వెళ్లాక "జూన్‌లో చేరి, రెండో వాయిదా కట్టనివాళ్లెవరు" అని అడిగితే సంచి మొత్తం తిరగెయ్యాలి. విలువ ఉండే ఆ గడికి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పుస్తకం చివర సూచికలాంటిది) కూడా ఉండదు. వర్డ్‌ప్రెస్ మీద దుకాణాలు నడిపే వూకామర్స్‌కే ఈ ఇబ్బంది తప్పలేదు. ఆర్డర్లని ఆ పోస్టుల టేబుళ్ల నుంచి బయటికి తీసి విడి టేబుళ్లలో పెట్టే పద్ధతిని 2023 అక్టోబరులో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి కొత్త దుకాణాలన్నిటికీ మామూలు అమరికగా చేశారు.

నాకు ఎదురైన కేసు ఒకటి చెబుతాను. పర్లాకిమిడి వైపు ఒక జీడిపప్పు వ్యాపారి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిక్కలు కొని, ఆడించి, పలాసకీ ఇతర ఊళ్లకీ పప్పు పంపుతాడు. ఆయనకి అంతకుముందు ఎవరో వర్డ్‌ప్రెస్‌లో లెక్క చూసుకునే ఏర్పాటు చేసిచ్చారు. ఒక్కో లాటూ ఒక పోస్టు. అందులో 80 కిలోల బస్తాలు ఎన్ని, ఏ ఊరి సరుకు, తేమ ఎంత, పప్పు ఎంత వచ్చింది, ఏ గ్రేడులో ఎంత, అన్నీ కస్టమ్ ఫీల్డులే. జీడిపప్పులో 180, 210, 240, 320 అని గ్రేడులుంటాయి. ఆ అంకె ఒక పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది. అంకె చిన్నదైతే పప్పు పెద్దది, ధర ఎక్కువ. ఆయనకి కావాల్సిందల్లా ఒక్కటే: ఏ ఊరి పిక్కలు కొంటే 240 ఎక్కువ పడుతోంది? మొదటి సీజన్‌లో జవాబు వచ్చింది. రెండో సీజన్‌లో ఆ పేజీ తెరిస్తే తిరుగుతూనే ఉండేది, చివరికి తెల్లతెర. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు.

నేను జాంగోలో సరఫరాదారుకి ఒక టేబుల్, లాటుకి ఒకటి, గ్రేడింగ్‌కి ఒకటి పెట్టి పాత డేటా అందులోకి ఎక్కించాను. అందంగా పేజీలేమీ గీయలేదు. జాంగోతో పాటు వచ్చే అడ్మిన్ తెరలే (వివరాలు నింపుకునే, దిద్దుకునే తెరలు) గుమస్తాకి చూపించాను. రెండు రోజుల్లో అలవాటు పడ్డాడు. రిపోర్టుకి మాత్రం ఒక పేజీ రాశాను. ఆఫీసు లోపల వాడుకునే పనికి మొదట జాంగో అడ్మిన్‌తోనే నెట్టుకురండి. బయటివాళ్లు చూడని తెరలకి రంగులు దిద్దడం మీద డబ్బు పెట్టించకండి.

ఆ అడ్మిన్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని పద్ధతి ఇంకా బాగా అర్థమవుతుంది. జాంగో ఒక పత్రిక ఆఫీసులో తయారైంది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే దినపత్రికలో అడ్రియన్ హోలొవాటీ, సైమన్ విల్లిసన్ దాన్ని మొదలుపెట్టారు, 2005లో అందరికీ విడుదల చేశారు. అక్కడ ఇవాళ అడిగింది రేపటికల్లా కావాలి. సమాచారం ఎక్కించేది ప్రోగ్రామర్లు కాదు, పత్రిక సిబ్బంది. అందుకే టేబుళ్లు ఎలా ఉండాలో మీరు చెబితే చాలు, నింపుకునే తెరలు అదే తయారుచేస్తుంది. మీ స్నేహితులు తక్కువగా చూస్తున్న "పేజీలు ఎక్కించే పని" నుంచే వాళ్లు గొప్పగా చెబుతున్న జాంగో పుట్టిందన్నమాట. ఈ మాట వాళ్లకి చెప్పి చూడండి.

ఇప్పుడు బట్టల దుకాణం. ఇక్కడ మీరు జాంగో జోలికి వెళ్లకండి. వర్డ్‌ప్రెస్ పెట్టినా వెంటనే వూకామర్స్ కూడా తగిలించకండి. బరంపురంలో పట్టుచీరల దుకాణాలకి నేను చేసిన సైట్లలో మొదటి ఏడాది ఆన్‌లైన్ అమ్మకం పెట్టకపోవడమే నయమైంది. కారణం చెబుతాను. చేనేత చీర ఒక్కో రంగులో ఒక్కటే ఉంటుంది. సైటులో కనబడే చీర పొద్దున్నే కౌంటర్‌లో అమ్ముడైపోతుంది. సైటులోంచి తీసేయాలని ఎవరికీ గుర్తుండదు. సాయంత్రం విజయనగరం నుంచి ఎవరో దానికే డబ్బు కట్టేస్తారు. తిరిగి పంపడం, సర్దిచెప్పడం, ఆ టెన్షన్ అంతా మీ మెడకే. బదులుగా ఫొటో, ధర, పక్కనే వాట్సాప్ బటన్. అడిగినవాళ్లకి దుకాణం వాళ్లే ఉందో లేదో చెప్పి డబ్బు తీసుకుంటారు. ఆర్డర్లు చేత్తో చూసుకోలేనంతగా పెరిగినప్పుడు వూకామర్స్ గురించి మాట్లాడొచ్చు.

ఇంకో సంగతి. సైటు మీరు లేకుండా నడవాలి. ఒక దుకాణంలో యజమాని కోడలు ఫోన్‌లోంచే చీరల ఫొటోలు ఎక్కిస్తుంది. నన్ను ఏడాదికి ఒకటి రెండుసార్లు మించి పిలవరు. జాంగోలో చేసి ఉంటే "బాబూ, పైన పండగ శుభాకాంక్షలు పెట్టాలి" అన్నప్పుడల్లా నేను టెంప్లేట్ (పేజీ రూపం రాసి ఉండే ఫైలు) తెరవాల్సి వచ్చేది. ఖాతాదారు తన చేత్తో మార్చుకోగలిగితే మీ దగ్గర పని తగ్గిపోతుందని భయపడకండి. అలాంటివాళ్లే ఇంకో నలుగురిని పంపుతారు.

జాంగో వచ్చింది కదా అని దాంతో సొంతంగా వర్డ్‌ప్రెస్ కట్టేయాలనే కోరిక కొత్తలో చాలామందికి వస్తుంది. కోరాపుట్ వైపు నుంచి ఒక కుర్రాడు స్థానిక వార్తల సైటు పని ఒప్పుకుని సరిగ్గా అదే చేశాడు. వార్త రాసుకునే ఎడిటర్ పెట్టాడు. తర్వాత ఫొటో చిన్నది చేయడం, ముసాయిదా దాచుకోవడం, రేపు ఉదయం ఆరింటికి ప్రచురించమని ముందే పెట్టుకోవడం, విలేకరికి ఒక అనుమతి సంపాదకుడికి ఇంకొకటి, పాత ప్రతి వెనక్కి తెచ్చుకోవడం. ఒక్కొక్కటీ రాస్తూ పోయాడు. వర్డ్‌ప్రెస్‌లో ఇవన్నీ మొదటి రోజే ఉంటాయి. పత్రికవాళ్లు ఎన్నాళ్లని ఆగుతారు, ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోయారు. కుర్రాడు తెలివైనవాడే, ఇప్పుడు భువనేశ్వర్‌లో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. చేసిన కోడ్ కూడా బాగుంది, నేను చూశాను. పని ఎంచుకోవడమే తేడా పడింది. ఎప్పుడైనా జాంగోలోనే పేజీలూ నడపాల్సిన అవసరం వస్తే వాగ్‌టెయిల్ చూడండి. జాంగో మీదే కట్టిన సీఎంఎస్ (పేజీలు ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్), 2014 నుంచి ఉంది, ఉచితం.

మన ప్రాంతంలో పనిచేసేవాళ్లకి పుస్తకాల్లో దొరకని తలనొప్పి లిపులు. కోచింగ్ సెంటర్ సైటు మూడు భాషల్లో కావాలంటారు, రాసి పెట్టుకోండి. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ వర్డ్‌ప్రెస్, జాంగో రెండూ మనల్ని ఇబ్బంది పెడతాయి.

మొదటిది పాత ఫాంట్లు. కరపత్రాలు వేసే డీటీపీ వాళ్లు మీకు తెలుగు మేటరు అను ఫాంట్లలో, ఒడియా మేటరు ఆకృతిలో ఇస్తారు. అది సైటులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లోకి (ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక అక్షర పద్ధతిలోకి) మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వాటిని నమ్మి వదిలేయకండి. వత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు పడతాయి. ఒడియా భాగం తప్పకుండా ఒడియా బాగా చదివేవాళ్ల చేత చూపించండి. మనకి మాట్లాడటం వచ్చినా అచ్చుతప్పు కంటికి ఆనదు.

రెండోది పేజీ చిరునామా. వర్డ్‌ప్రెస్‌లో శీర్షిక తెలుగులో రాస్తే చిరునామా కూడా తెలుగులోనే తయారవుతుంది. లోపల ఒక్కో తెలుగు గుర్తూ తొమ్మిది అక్షరాల సంకేతంగా మారుతుంది. ఆ చిరునామాకి డేటాబేసులో ఉన్న చోటు 200 అక్షరాలు. అంటే తలకట్టు తప్ప మిగతా గుణింతపు గుర్తులూ పొల్లులూ కూడా విడిగా లెక్కపెట్టి 22 గుర్తులకి అది నిండిపోతుంది. పొడుగు శీర్షిక మధ్యలో తెగిపోతుంది. ఆ లింకు వాట్సాప్‌లో పంపితే చాంతాడంత కనబడుతుంది. ప్రతి పేజీకీ చిరునామా చేత్తో చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టడం దుకాణం వాళ్లకి మొదటి రోజే నేర్పించండి.

జాంగోలో ఇంకో రకం. శీర్షిక నుంచి చిరునామా తయారుచేసే స్లగిఫై అనే ఫంక్షన్ ఉంది. మామూలుగా వాడితే తెలుగు మొత్తం తీసేసి ఖాళీ ఇస్తుంది. యూనికోడ్ అనుమతించమని చెబితే ఇంకా విచిత్రం: "తెలుగు" అని ఇస్తే "తలగ" అని వస్తుంది. ఏది అక్షరం, ఏది కాదు అని పైథాన్ చూసే పద్ధతిలో మన గుణింతపు గుర్తులు అక్షరాల కింద లెక్కకి రావు, అందుకని వాటిని ఊడపీకేస్తుంది. ఒడియాకీ ఇదే గతి. అందుకని విద్యార్థులకీ బ్యాచ్‌లకీ చిరునామా పేరుతో పెట్టకుండా అంకెతో పెట్టుకోండి.

మూడోది చూపు. విదేశీ థీముల్లో శీర్షికల వరుసల మధ్య ఎడం తక్కువ. ఇంగ్లిష్‌కి అందంగానే ఉంటుంది. తెలుగులో కింది వత్తు తర్వాతి వరుస గుడికి తగులుతుంది. ఆ ఎడం పెంచండి, నోటో శాన్స్ తెలుగు, నోటో శాన్స్ ఒరియా లాంటి ఫాంట్లు పెట్టండి. భాషలు మార్చుకోవడానికి వర్డ్‌ప్రెస్‌లో పాలీల్యాంగ్ ఉచిత ప్లగినే చిన్న సైట్లకి చాలు. జాంగోలో బటన్లు, హెచ్చరికల లాంటి మాటల అనువాదానికి ఏర్పాటు దాంట్లోనే ఉంది. డేటాబేసులో ఉండే సమాచారాన్ని మూడు భాషల్లో ఉంచడం మాత్రం మీరు విడిగా చూసుకోవాలి. ఫీజుల భాగం ఆఫీసు లోపలి పనే కాబట్టి అది ఇంగ్లిష్‌లోనే ఉంచేయండి. రశీదు మీద సెంటర్ పేరు ఒడియాలో ఉంటే చాలు.

వర్డ్‌ప్రెస్ సులువు కాబట్టి అందులో జాగ్రత్తలు అక్కర్లేదనుకోకండి. డబ్బు పెట్టి కొనాల్సిన థీములు ఊరికే ఇస్తామనే సైట్ల నుంచి ఏదీ దించుకోకండి. వాటిలో దొంగ కోడ్ పెట్టి పంచడం మామూలే. దుకాణం సైటు తెరిస్తే జూదం ప్రకటనలు వస్తున్నాయని నా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఎక్కువ వాటికి మూలం అక్కడే దొరికింది. ప్లగిన్లు ఎన్ని తక్కువైతే అంత మంచిది. కొత్తది పెట్టేముందు దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారో చూడండి. రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోని ప్లగిన్ అయితే వదిలేయండి. బ్యాకప్ అదే సర్వర్‌లో పెట్టుకుంటే అది బ్యాకప్ కిందికి రాదు. బరువైన పేజ్ బిల్డర్లూ (పేజీని లాగి పెట్టి అమర్చుకునే ప్లగిన్లు) వద్దు. మీ రాయగడ పట్నంలో సిగ్నల్ బాగానే ఉండొచ్చు. కొండ మీది ఊళ్ల నుంచి ఫోన్‌లో చూసే తల్లిదండ్రులకి ఆ పేజీ తెరుచుకునేసరికి విసుగొస్తుంది. 2018 డిసెంబరులో వచ్చిన 5.0 నుంచి వర్డ్‌ప్రెస్‌లోనే బ్లాక్ ఎడిటర్ ఉంది, మన సైట్లకి అది సరిపోతుంది.

జాంగోకి వేరే జాగ్రత్తలు. మీ ల్యాప్‌టాప్‌లో రన్‌సర్వర్ అని కొడితే నడుస్తుంది కదా అని అదే సర్వర్‌లో పెట్టేవాళ్లని చూశాను. అది అభ్యాసానికే, బయటి సైటుకి వాడొద్దని జాంగో వాళ్లే స్పష్టంగా రాశారు. గూనికార్న్, ఎన్‌జిన్‌ఎక్స్ (సైటుని బయటి జనానికి అందించే సాఫ్ట్‌వేర్లు), పోస్ట్‌గ్రెస్ (డేటాబేసు), హెచ్‌టీటీపీఎస్ ధ్రువపత్రం, ఇవి పెట్టుకోవడం, డీబగ్ (తప్పుల వివరాలు తెర మీద చూపించే అమరిక) ఆపేయడం నేర్చుకోవాలి. ఏడాదికి కాస్త డబ్బుతో దొరికే చవక హోస్టింగుల్లో (సైటు పెట్టుకునే అద్దె చోట్లలో) వర్డ్‌ప్రెస్ భాష అయిన పీహెచ్‌పీ ఎక్కడైనా నడుస్తుంది. పైథాన్‌కి సాధారణంగా చిన్న వీపీఎస్ (మనమే నడుపుకునే అద్దె సర్వర్) తీసుకోవాల్సి వస్తుంది, దాని అద్దె నెలనెలా కడుతూ ఉండాలి. ఆ ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి. జాంగో వెర్షన్ ఎంచుకునేటప్పుడు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మార్పులు అందే వెర్షన్) తీసుకోండి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2కి 2028 ఏప్రిల్ దాకా భద్రతా మార్పులు వస్తాయి. దేవుడి దయవల్ల ఆలోగా ఏదీ విరగకపోతే అప్పటిదాకా నిశ్చింత.

నేర్చుకునే వరుస గురించి కూడా అడిగారు. జాంగో సొంత డాక్యుమెంటేషన్‌లో పోల్స్ అనే చిన్న ఓటింగ్ యాప్ పాఠం ఉంటుంది. అది ఒకసారి చూసి వదిలేయకుండా చేత్తో టైపు చేయండి. వీడియోలు పక్కన పెట్టండి. కానీ దానికంటే ముందు ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేసుని ప్రశ్నలడిగే భాష. రెండు టేబుళ్లు కలిపి బాకీల జాబితా తీయడం చేతికి రాకుండా జాంగోలోకి వెళ్తే, టేబుళ్లని వర్ణించే ఆ మోడల్స్ మీకు మంత్రాల్లా కనబడతాయి. తర్వాత కోచింగ్ సెంటర్‌కి వెళ్లి వాళ్ల ఫీజు రిజిస్టర్ ముందేసుకుని కూర్చోండి. కాగితం మీద టేబుళ్లు గీయండి: విద్యార్థి, బ్యాచ్, చేరిక, వాయిదా, చెల్లింపు. విద్యార్థికీ బ్యాచ్‌కీ మధ్య "చేరిక" విడిగా ఉండాలి, ఎందుకంటే ఒకే పిల్లవాడు రెండు బ్యాచ్‌ల్లో ఉండొచ్చు, వచ్చే ఏడాది మళ్లీ చేరొచ్చు. డబ్బు ఎప్పుడూ డెసిమల్ ఫీల్డ్‌లోనే (పైసలతో సహా కచ్చితంగా ఉంచేది), ఫ్లోట్‌లో (ఉజ్జాయింపుగా ఉంచేది) వద్దు. రశీదు నంబరు రెండుసార్లు రాకూడదనే నియమం ఫారంలో పెట్టడం చాలదు, డేటాబేసులోనే పెట్టాలి. ఇద్దరు గుమస్తాలు ఒకే క్షణంలో బటన్ నొక్కినా అది పట్టుకుంటుంది. చెల్లింపు వరుసని ఎప్పుడూ చెరపనివ్వకండి. తప్పు పడితే రద్దు అని గుర్తు పెట్టి కొత్తది రాయాలి. అన్నదమ్ముల తగ్గింపుకి ఒక టెస్టు (లెక్క సరిగ్గా వస్తోందో తనంతట తనే సరిచూసే కోడ్) రాయండి. ఆ నియమం ప్రతి ఏడాదీ మారుస్తారు, చూస్తూ ఉండండి.

హాజరు మొదటి విడతలో ఒప్పుకోకండి. దాన్ని రోజూ ఎవరు నింపుతారనేది తేలదు. నా అనుభవంలో నెల తిరగకుండానే మళ్లీ కాగితం రిజిస్టరే వస్తుంది.

ఒక మినహాయింపు చెప్పాలి. ఆ సెంటర్‌లో ఉన్నది ఒకటి రెండు బ్యాచ్‌లే, పిల్లలు వందలోపే అయితే జాంగో కూడా వద్దు. గూగుల్ షీట్ ఒకటి చక్కగా చేసిచ్చి దానికి తగ్గ డబ్బు తీసుకోండి. మీ అభ్యాసం కోసం ఫీజుల యాప్ ఇంట్లో రాసుకోండి, ఎవరొద్దన్నారు? పిల్లలు పెరిగాక అదే తీసుకెళ్లి చూపించొచ్చు. పైగా పిల్లల వివరాలు దాచడం అంటే బాధ్యత. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ల లోపువారి వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలని ఉంది. ఆధార్ నంబరు, కులం లాంటివి ఫీజుకి అవసరం లేదు కాబట్టి అడిగినా ఆ గడులు పెట్టకండి. చేరిక ఫారం మీద తల్లిదండ్రుల సంతకానికి ఒక వాక్యం చేర్పించండి.

మీ స్నేహితుల మాటకి వస్తే, వాళ్లు చెప్పినదాంట్లో సగం నిజం. విశాఖలోనో హైదరాబాద్‌లోనో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం కావాలంటే థీము పెట్టి డెమో దిగుమతి చేయడం ఒక్కటే చూపిస్తే ఇంటర్వ్యూ ఐదు నిమిషాల్లో అయిపోతుంది. అక్కడ ఫ్రేమ్‌వర్క్, గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే సాధనం), టెస్టులు అడుగుతారు. కానీ వర్డ్‌ప్రెస్ చేసేవాళ్లందరూ థీములు మార్చేవాళ్లు కాదు. హుక్స్ (వర్డ్‌ప్రెస్‌లో మన కోడ్ తగిలించే చోట్లు) అర్థం చేసుకుని సొంతంగా ప్లగిన్ రాసేవాడు ఏ లెక్కన చూసినా ప్రోగ్రామరే. మీరు రాయగడలోనే ఉండి పనిచేయాలనుకుంటే ఇప్పుడు చేతికి డబ్బు తెచ్చేది వర్డ్‌ప్రెస్. ఇంకో రెండేళ్లలో నలుగురూ చేయలేని పని మీ చేత చేయించేది జాంగో. ఏది వదులుకోవాలని అడిగితే ఇప్పట్లో రియాక్ట్ (బ్రౌజర్‌లో తెరలు కట్టే జావాస్క్రిప్ట్ సాధనం) వదులుకోండి.

డబ్బుల సంగతి అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. డొమైన్ పేరు దుకాణం యజమాని పేరు మీద, ఆయన ఈమెయిల్‌తో కొనిపించండి. హోస్టింగ్ మొదటి ఏడాది ధర చూపించి బేరం ఒప్పించకండి. రెండో ఏడాది రెన్యువల్ రేటు బాగా పెరుగుతుంది, అప్పుడు మీరు దాచారనుకుంటారు. ఏడాది నిర్వహణకి విడిగా ఒక మొత్తం కాగితం మీద రాయించుకోండి. అందులో ఏమేం వస్తాయో రాయండి, చీరల ఫొటోలు ఎక్కించడం రాదని కూడా రాయండి. కోచింగ్ సెంటర్‌లో కొత్త లెక్క మొదలయ్యాక మొదటి వాయిదా అయ్యేదాకా కాగితం రిజిస్టర్ కూడా నడపమనండి. రెండూ రోజూ సాయంత్రం సరిచూడాలి. యజమాని దీనికి విసుక్కుంటాడు, అయినా పట్టుబట్టండి.

వాళ్ల ఫీజు రిజిస్టర్‌లో ఏయే గడులున్నాయో, పిల్లల పేర్లూ ఫోన్ నంబర్లూ లేకుండా, కింద రాయండి. తగ్గింపులు ఎన్ని రకాలో, వాయిదా ఆలస్యమైతే జరిమానా ఉందో లేదో కూడా కనుక్కోండి. ఆ రెండూ తెలిస్తే టేబుళ్లు ఎలా విడదీయాలో చెబుతాను.